ధరల గ్రాఫుకు మన సొంత సూచిక

దసరా వెళ్లి పత్తి ఏరడం మొదలైందంటే మా లక్సెట్టిపేట చుట్టుపక్కల ఊళ్లలో ఏ ఇంటికి వెళ్లినా ఒకటే ప్రశ్న వినిపిస్తుంది: "ఇవాళ రేటెంత?" ఇంట్లో ఒక గది నిండా పత్తి ఉంటుంది. అప్పు ఇచ్చినవారు వాకిట్లో ఉంటారు. ఇవాళ అమ్మాలా, నాలుగు రోజులు ఆగాలా? ఈ ఒక్క నిర్ణయం మీద ఆ ఇంటివారి ఏడాది కష్టం ఆధారపడి ఉంటుంది.

తొమ్మిదో తరగతి విద్యార్థి ఒకడు నన్ను ఇలా అడిగాడు: "సార్, మా బాపు ఇంకో వారం ఆగుదామంటుండు. మా అన్న ఫోన్ల గీతలు చూసి, రేటు కిందికి మళ్లింది, ఇప్పుడే అమ్మాలంటుండు. ఆ గీతలకెట్ల తెలుస్తది సార్?"

మంచి ప్రశ్న. ఎవరి మాట నిజమని అడగలేదు, గీతకు ఎలా తెలుస్తుందని అడిగాడు. ఈ వ్యాసమంతా దానికి జవాబే. ఆ గీతలను సూచికలంటారు. ఇండికేటర్లు అన్న మాటే ఇప్పుడు ఎక్కువగా వాడుకలో ఉంది. షేర్ల ధరలకు గీసేవీ, పత్తికీ బంగారానికీ గీసేవీ ఒకే రకం గీతలు. ముంబైలోని ఎం.సి.ఎక్స్. అనే సరకుల ఎక్స్ఛేంజిలో దూదికి కూడా వాయిదా వ్యాపారం ఉంది. అక్కడి ధరలనూ ఇలాగే గ్రాఫులలో చూస్తారు. ఆ గ్రాఫులు చూపే సాఫ్ట్‌వేరులో తయారుగా ఉన్న సూచికలే కాక, మనకు కావలసిన సూచికను మనమే రాసుకునే వీలుంటుంది. అలా రాసిన చిన్న ప్రోగ్రామును స్క్రిప్టు అంటారు. రాయడానికి ఎనిమిదో తరగతి లెక్కలు చాలు. కంప్యూటరు లేకపోయినా ఫరవాలేదు. గళ్ల కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి.

ముందుగా సగటు

పది రోజుల పత్తి ధరలు ఇలా ఉన్నాయనుకుందాం. ఇవి లెక్క సులువుగా ఉండడానికి నేను వేసుకున్న అంకెలు, ఏ మార్కెట్టు ధరలూ కావు. క్వింటాలుకు రూపాయలలో:

7000, 7100, 6950, 7150, 7050, 7200, 7100, 6900, 6800, 6750.

అడ్డ అక్షం మీద రోజులు, నిలువు అక్షం మీద ధరలు గుర్తించి చుక్కలు కలపండి. గీత రంపపు పళ్లలా పైకీ కిందికీ పోతుంది. 3వ రోజు పడింది, 4వ రోజు లేచింది, 5వ రోజు మళ్లీ పడింది. ఈ ఊగులాటలో అసలు ధర ఎటు పోతున్నదో కంటికి తెలియదు. ఊగులాటను తగ్గించడానికి సగటు తీస్తాం. అయితే మొత్తం పది రోజులకూ ఒకే సగటు తీస్తే ఒకే అంకె వస్తుంది, అది గీత కాదు. కనుక ప్రతి రోజూ ఆ రోజుతో కలిపి వెనకటి ఐదు రోజులకు సగటు తీద్దాం. రోజు మారగానే పాత రోజు ఒకటి జారిపోతుంది, కొత్త రోజు ఒకటి చేరుతుంది. అందుకే దీనిని కదిలే సగటు అంటారు.

మొదటి ఐదు రోజుల మొత్తం 35250, సగటు 7050. ఆరో రోజు మళ్లీ ఐదు అంకెలూ కూడనవసరం లేదు. పాత మొత్తంలో నుంచి 7000 తీసేసి 7200 కలిపితే 35450 వస్తుంది, సగటు 7090. ఇలాగే చేసుకుంటూ పోతే 7వ రోజు 7090, 8వ రోజు 7080, 9వ రోజు 7010, 10వ రోజు 6950. ఈ ఆరు చుక్కలను ఎర్ర పెన్సిలుతో కలపండి. రంపపు పళ్లు పోయి నున్నని గీత వచ్చింది కదా! మీరు గీసిన మొదటి సూచిక ఇదే.

మరి మొదటి నాలుగు రోజులకు ఏం గీయాలి? ఏమీ గీయకూడదు. ఐదు రోజులు పూర్తికానిదే ఐదు రోజుల సగటు లేదు. స్క్రిప్టులు కొత్తగా రాసేవారు ఆ ఖాళీలలో సున్నా పెడుతుంటారు. అప్పుడు గీత నేల మీద నుంచి లేచి ఒక్కసారిగా 7050కి ఎగిరినట్టు కనిపిస్తుంది, చూసేవాడు ధర పెరిగిందని భ్రమపడతాడు. లేకపోవడం వేరు, సున్నా వేరు. పరీక్షకు రానివాడికీ, వచ్చి సున్నా తెచ్చుకున్నవాడికీ ఉన్నంత తేడా.

ఇదే పని యంత్రానికి చెబితే

ట్రేడింగ్‌వ్యూ అనే సాఫ్ట్‌వేరులో పైన్ స్క్రిప్ట్ అని ఒక భాష ఉంది. పోలండుకు చెందిన ఆమిబ్రోకర్ అనే సాఫ్ట్‌వేరుకు దాని సొంత సూత్రాల భాష ఉంది. వాటి మాటలు ఇంగ్లీషువి. భావం పోకుండా మన మాటల్లో రాస్తే ఐదు రోజుల సగటు ఇంతే:

నిడివి = 5
మొత్తం = ధర[0] + ధర[1] + ధర[2] + ధర[3] + ధర[4]
సగటు = మొత్తం / నిడివి
గీయి (సగటు)

ఇందులో ధర[0] అంటే ఇవాళ్టి ముగింపు ధర, ధర[1] అంటే నిన్నటిది, ధర[4] అంటే నాలుగు రోజుల కిందటిది. చతురస్ర బ్రాకెట్టులోని అంకె ఎన్ని రోజులు వెనక్కి చూడాలో చెబుతుంది. పైన్ స్క్రిప్ట్ ఈ నాలుగు వాక్యాలనూ గ్రాఫులో ఎడమ నుంచి కుడికి, ఒక్కో రోజుకు ఒక్కోసారి నడుపుతుంది. మీరు పెన్సిలుతో చేసినట్టే. ఆమిబ్రోకర్ పద్ధతి వేరు. అది ధరల వరుస మొత్తాన్ని ఒకే నిలువు పట్టీగా తీసుకుని పట్టీల మీదే కూడికలు, భాగహారాలు చేస్తుంది. ఈ తేడా ముందుముందు మనకు పనికివస్తుంది.

ముగింపు ధర ఒక్కటే కాదు, ప్రతి రోజుకూ ప్రారంభ ధర, ఆనాటి గరిష్ఠ ధర, కనిష్ఠ ధర, ఎంత సరకు చేతులు మారిందన్న లెక్క కూడా సాఫ్ట్‌వేరు మనకు అందిస్తుంది. వీటితో మీకు తోచిన సూత్రం ఏదైనా రాయవచ్చు.

ఒక సూత్రం చెబుతాను, నాకు బాగా నచ్చినది. ఐదు రోజుల సగటుకు ఐదు అంకెలు గుర్తుంచుకోవాలి. ఒక్క అంకెనే గుర్తుంచుకుని సగటులాంటిది తీయగలమా? తీయగలం. నిన్నటి సగటుకూ ఇవాళ్టి ధరకూ ఉన్న తేడాలో కొంత భాగాన్ని నిన్నటి సగటుకు కలపండి. ఆ భాగం సగం అనుకుందాం. నిన్నటి సగటు 7050, ఇవాళ్టి ధర 7200 అయితే తేడా 150, అందులో సగం 75, కొత్త సగటు 7125. రేపు ఈ 7125 ఒక్కటే ఉంటే చాలు. నిన్నటి ధర ప్రభావం ఇవాళ్టి ధరలో సగం, మొన్నటిది పావు, అంతకుముందుది అరపావు. పాత ధరల ప్రభావం తగ్గుతూ పోతుందే గాని ఎన్నటికీ పూర్తిగా పోదు. దీనిని ఘాత సగటు అంటారు. బీజగణితంలో గుణశ్రేఢి చదివినవారికి ఇది పాత చుట్టమే.

సగటు ఎప్పుడూ ఆలస్యమే

ఇప్పుడు మీ కాగితాన్ని మళ్లీ చూడండి. ధర అన్నిటికన్నా ఎత్తుగా ఉన్నది 6వ రోజున, 7200. తర్వాత దిగడం మొదలైంది. కాని ఎర్ర గీత 7వ రోజున కూడా 7090 దగ్గరే నిలిచింది, 8వ రోజుకు గాని వంగలేదు. "ధర సగటుకన్నా కిందికి దిగితే అమ్ము" అని సూత్రం పెట్టుకున్నామనుకోండి. 6, 7 రోజుల్లో ధర సగటుకు పైన ఉంది. 8వ రోజున ధర 6900, సగటు 7080, కనుక అమ్మమని ఆనాడు చెబుతుంది. అప్పటికే క్వింటాలుకు 300 రూపాయలు పోయాయి. (5వ రోజున రెండూ సమానంగా ఉన్నాయి. దాని సంగతి చివర చూద్దాం.)

ఈ ఆలస్యం ఎంతో లెక్క కట్టవచ్చు. ధర రోజుకు 10 రూపాయల చొప్పున సమంగా పెరుగుతున్నదనుకోండి: 100, 110, 120, 130, 140. సగటు 120. అది ఎప్పటి ధర? రెండు రోజుల కిందటిది. అంటే ఐదు రోజుల సగటు రెండు రోజులు వెనకబడి నడుస్తుంది. రోజుల సంఖ్యలో నుంచి ఒకటి తీసి రెండుతో భాగిస్తే ఆలస్యం వస్తుంది. షేర్ల వ్యాపారులు ఎంతో గౌరవంగా చూసే 200 రోజుల సగటు ఈ లెక్కన దాదాపు 100 రోజులు, అంటే సరిగ్గా 99½ రోజులు వెనక ఉంటుంది.

రోజులు పెంచితే గీత నునుపవుతుంది, ఆలస్యం పెరుగుతుంది. రోజులు తగ్గిస్తే ఆలస్యం తగ్గుతుంది, ఊగులాట తిరిగి వస్తుంది. రెండూ ఒకేసారి కావాలంటే కుదరదు. "ఆలస్యం లేని సగటు" అని పేరు పెట్టి అమ్మేవారున్నారు. వాటిలోనూ ఎక్కడో ఒకచోట ఈ బేరం దాగే ఉంటుంది.

సున్నా నుంచి నూరు వరకు

అమెరికాలో జె. వెల్స్ వైల్డర్ అనే మెకానికల్ ఇంజినీరు 1978లో ఒక పుస్తకం ప్రచురించాడు. ఇవాళ ప్రతి సాఫ్ట్‌వేరులోనూ కనిపించే ఆర్.ఎస్.ఐ. అనే సూచిక అందులోదే. ఆయన ఆలోచన ఇది. గత 14 రోజులలో ధర పెరిగిన రోజుల పెరుగుదలలన్నీ ఒకవైపు, తగ్గిన రోజుల తగ్గుదలలన్నీ మరొకవైపు వేసి సగటులు తీయాలి. పెరుగుదల సగటును తగ్గుదల సగటుతో భాగించాలి. వచ్చిన నిష్పత్తికి ఒకటి కలిపి, దానితో 100ను భాగించి, ఆ ఫలితాన్ని 100లో నుంచి తీసివేయాలి. నిష్పత్తి 3 అయితే 100ను 4తో భాగించాలి, 25 వస్తుంది. 100లో నుంచి 25 పోతే 75. నిష్పత్తి 1 అయితే 50. ఇలా లెక్కించడం వల్ల జవాబు ఎప్పుడూ 0కూ 100కూ మధ్యనే ఉంటుంది. 7000 రూపాయల పత్తినీ 70 రూపాయల షేరునూ ఒకే కొలబద్ద మీద చూడవచ్చు. 70 దాటితే మరీ ఎక్కువగా కొన్నారనీ, 30కి దిగితే మరీ ఎక్కువగా అమ్మారనీ వ్యాపారులు చెప్పుకుంటారు. ఈ 70, 30 ప్రకృతి నియమాలేమీ కావు. నీరు 100 డిగ్రీల దగ్గర మరిగినట్టు ధర 70 దగ్గర మరగదు.

దీన్ని స్క్రిప్టుగా రాసేటప్పుడు ఒక గుంట ఉంది, చూసుకోవాలి. 14 రోజులూ ధర పెరుగుతూనే ఉంటే తగ్గుదల సగటు సున్నా. సున్నాతో భాగించకూడదని మీకు తెలుసు, యంత్రానికి మనం చెప్పాలి: "తగ్గుదల సున్నా అయితే జవాబు 100 అని రాయి." ఈ ఒక్క వాక్యం మరచిపోతే, ధర బాగా పెరుగుతున్న రోజుల్లోనే గీత మాయమైపోవచ్చు.

రేపటి ధర దొంగచూపు

స్క్రిప్టు రాసినవాడు దానిని పాత ధరల మీద పరీక్షించి చూస్తాడు. గత పదేళ్లలో ఇది చెప్పినట్టు కొని అమ్మి ఉంటే ఎంత మిగిలేది? పరీక్ష మంచిదే. కాని ఇందులో ఒక దొంగతనం జరగవచ్చు, చాలాసార్లు రాసినవాడికే తెలియకుండా.

ఆమిబ్రోకర్ ధరలను పట్టీలుగా తీసుకుంటుందని చెప్పుకున్నాం. పాత ధరల మీద పరీక్షించేటప్పుడు ఆ పట్టీలో నిన్నటి ధర ఎంత సులువుగా దొరుకుతుందో "రేపటి" ధరా అంతే సులువుగా దొరుకుతుంది. వెనక్కి చూడమనడానికి రుణ సంఖ్య, ముందుకు చూడమనడానికి ధన సంఖ్య. ఒక్క గుర్తు తారుమారైతే చాలు, స్క్రిప్టు రేపటి ధర చూసి ఇవాళ కొంటుంది. పాత లెక్కల్లో అన్నీ లాభాలే. జవాబు పత్రం పక్కన పెట్టుకుని పరీక్ష రాసినట్టు. అసలు మార్కెట్టులో రేపటి గడి ఖాళీగా ఉంటుంది కదా, అక్కడ ఆ స్క్రిప్టు బోర్లా పడుతుంది.

ఇంతకన్నా నెమ్మదిగా దూరే దొంగచూపు కూడా ఉంది. "ధర సీజను గరిష్ఠానికి 50 రూపాయల లోపు వస్తే అమ్ము" అనే సూత్రం చూడండి. అమాయకంగా ఉంది. మన పది రోజులలో గరిష్ఠం 7200. 4వ రోజున ధర 7150, అమ్మమంటుంది. కాని 4వ రోజున నిలబడి ఉన్నవాడికి గరిష్ఠం 7200 అని ఎలా తెలుసు? ఆ ధర రావడానికి ఇంకా రెండు రోజులుంది. "ఇవాళ్టి వరకు వచ్చిన గరిష్ఠం" అని రాయాలి. రాయకపోతే సూచిక మంచిదిగా కనిపిస్తుంది, అందుకే ఈ తప్పు పట్టుకోవడం కష్టం.

మరొకటి. మార్కెట్టు నడుస్తున్నంతసేపూ ధర[0] మారుతూ ఉంటుంది. మధ్యాహ్నం కొనమని బాణం గుర్తు వేసిన సూచిక సాయంత్రం ధర మారగానే ఆ గుర్తును చెరిపేయవచ్చు. మరునాడు చూస్తే ఆ తప్పు గుర్తు గ్రాఫులో ఉండదు, సరైనవే మిగిలి ఉంటాయి. "చూడండి, ఒక్కటీ తప్పలేదు" అని చూపించే గ్రాఫులలో కొన్ని ఇలాంటివే.

నాణెం లెక్క కూడా ఒకటి చూద్దాం. 1024 మంది విద్యార్థులు ఒక్కొక్కరు పదిసార్లు నాణెం ఎగరవేస్తే, పదికి పదిసార్లూ బొమ్మ పడేవారు సగటున ఒకరుంటారు. రెండును పదిసార్లు గుణిస్తే 1024 కదా. ఆ ఒక్కరికీ బొమ్మ వేసే విద్య ఏదో తెలుసని ఎవరూ అనుకోరు. కాని ఒకరు కంప్యూటరుతో 5 రోజులు, 6 రోజులు, 7 రోజులు అంటూ వెయ్యి సూచికలు పాత ధరల మీద నడిపి, బాగా కుదిరిన ఒక్కదాన్ని తీసి చూపితే మాత్రం నమ్మేస్తాం. ఒకరి కొలతలకు కుట్టిన చొక్కా వారికి సరిపోవడంలో వింతేముంది? అందుకే జాగ్రత్తగల వారు పాత ధరలను రెండు భాగాలు చేస్తారు. ఒక భాగం మీద సూత్రం తయారుచేస్తారు, ఎన్నడూ ముట్టని రెండో భాగం మీద ఒక్కసారే పరీక్షిస్తారు.

గీతకు తెలియనివి

2009 జనవరి 7న హైదరాబాదుకు చెందిన సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు, సంస్థ లెక్కలలో లేని సొమ్మును ఉన్నట్టు చూపుతూ వచ్చామని ఒక ఉత్తరంలో వెల్లడించారు. ముందురోజు సుమారు 179 రూపాయలున్న షేరు ఆ సాయంత్రానికి సుమారు 40కి పడిపోయింది. అంతకుముందు నాలుగు రోజులూ 179 చుట్టూనే ఉన్నాయని లెక్క కోసం అనుకుంటే, ఆ సాయంత్రం ఐదు రోజుల సగటు ఎంత? నాలుగు 179లు 716, దానికి 40 కలిపితే 756, ఐదుతో భాగిస్తే దాదాపు 151. షేరు 40 దగ్గర ఉంటే గీత 151 దగ్గర ఉంది. సూత్రంలో తప్పు లేదు. ఆ ఉత్తరం సంగతి మాత్రం ధరల పట్టీలో లేదు.

పత్తికీ అంతే. 2022 తొలి నెలల్లో తెలంగాణ మార్కెట్లలో పత్తి క్వింటాలుకు 10,000 రూపాయలు దాటింది. గీత ఆ పెరుగుదలను చూపింది, కారణాన్ని చూపలేదు. 2024-25లో పొడవు పింజ పత్తికి కేంద్రం మద్దతు ధర 7,521 రూపాయలు. అది 8 శాతం తేమ ఉన్న పత్తికి. తేమ పెరిగినకొద్దీ ధర తగ్గుతుంది, 12 శాతం దాటితే భారత పత్తి సంస్థ కొనదు. ఒకరోజు ఎండిన పత్తి ధర, మరోరోజు తడి పత్తి ధర పక్కపక్కన పెట్టి గ్రాఫు గీస్తే ధర పడినట్టు కనిపిస్తుంది, పడింది ధర కాదు. షేర్లలోనూ ఇలాంటిది ఉంది. ఒక షేరుకు మరొకటి బోనస్ ఇస్తే ధర ఇంచుమించు సగమవుతుంది, ఎవరూ నష్టపోరు. పాత ధరలను సరిదిద్దకపోతే సూచిక మాత్రం అమ్మమని గగ్గోలు పెడుతుంది.

ఇక మా విద్యార్థి అన్న విషయం. పత్తి ఎప్పుడు అమ్మాలో చూసుకోవడానికి గ్రాఫు చూడడంలో నాకు అభ్యంతరం లేదు. తేమ ఎంతుంది, కొనుగోలు కేంద్రం ఎప్పటివరకు ఉంటుంది, అప్పుకు వడ్డీ ఎంత అన్నవి కూడా పక్కన రాసుకుంటే బాపూ అన్నా ఒకే కాగితం మీద మాట్లాడుకోవచ్చు. కాని అదే ఫోనులో షేర్ల ఫ్యూచర్స్, ఆప్షన్స్ వ్యాపారం కూడా ఉంది. మార్కెట్టును పర్యవేక్షించే సెబీ 2024 సెప్టెంబరులో ఒక అధ్యయనం విడుదల చేసింది. 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో ఆ వ్యాపారం చేసిన కోటిమందికి పైగా వ్యక్తులలో 93 శాతం మంది నష్టపోయారు. నష్టం ఒక్కొక్కరికి సగటున సుమారు 2 లక్షల రూపాయలు. వారిలో ఎందరి ఫోనులలో సూచికలు లేవంటారు?

చేసి చూడండి

పైన ఇచ్చిన పది ధరలకే ఐదు రోజులకు బదులు మూడు రోజుల కదిలే సగటు తీయండి. ధర సగటుకన్నా ఎప్పుడెప్పుడు తక్కువైందో గుర్తించండి. 7వ రోజున సగటు దాదాపు 7117, ధర 7100. అంటే ఐదు రోజుల సూచికకన్నా ఒక రోజు ముందే, క్వింటాలుకు 200 రూపాయలు ఎక్కువ ఉన్నప్పుడే ఇది అమ్మమంది. బాగుంది కదా! అయితే 3వ రోజు కూడా చూడండి. సగటు దాదాపు 7017, ధర 6950. ఆనాడే అమ్మమంది. దాని మాట విని అమ్మినవారికి 7వ రోజు వరకు ఆగే అవకాశమే లేదు.

ఇక 5వ రోజు. ధర 7050. మూడు రోజుల సగటూ 7050, ఐదు రోజుల సగటూ 7050. మీ సూత్రంలో "సగటుకన్నా తక్కువైతే అమ్ము" అని రాశారా, "తక్కువ గాని సమానం గాని అయితే అమ్ము" అని రాశారా? మొదటిది రాసినవారు ఐదు రోజుల సూచికతో 8వ రోజున 6900కు అమ్ముతారు. రెండోది రాసినవారు అదే సూచికతో 5వ రోజునే 7050కి అమ్ముతారు. ధరలు అవే, సగటు అదే. మీ స్క్రిప్టులో ఏది రాస్తారో, ఎందుకో నోటుపుస్తకంలో రాయండి.